కారు యాత్ర చివర పాలమూరులో రెండు రాత్రులు

ఐదారు రోజులు కారులో తిరిగి రావాలనుకునే మిత్రులు మొదటి రోజు పొద్దున ఎక్కడ ఇడ్లీ తినాలో కూడా ముందే నిర్ణయించుకుంటారు గాని, చివరి రోజు సంగతి ఎవరూ ఆలోచించరు. చూడకుండా మిగిలిపోయినవన్నీ ఆ రోజులోకి కుక్కుతారు. చీకటి పడ్డాక 44వ జాతీయ రహదారి ఎక్కి, షాద్‌నగర్ దాటిన దగ్గరి నుంచి లారీల వెనుక కొద్దికొద్దిగా కదులుతూ, ఏ పన్నెండింటికో ఇల్లు చేరుతారు. అప్పటికి బండి నడిపేవాడు విసిగిపోయి ఉంటాడు, వెనుక సీటులోని వాళ్లు నిద్రలో ఉంటారు, ఖర్చుల లెక్క తేలదు, ఒకరి చార్జరు మరొకరి సంచిలో వెళ్లిపోతుంది. దీనికి విరుగుడుగా మా మిత్రబృందం కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నల్లగొండ నుంచి బయలుదేరి నాగార్జునసాగర్, శ్రీశైలం, సోమశిల, అలంపూర్, గద్వాల చూసుకొని వచ్చే దారిలో, చివరి రెండు రాత్రులను మహబూబ్‌నగర్‌లో ఏ తొందరా లేకుండా గడపడమే ఆ పద్ధతి.

చివరి మజిలీని ముందుగా ఎంచుకోండి

యాత్రను గీసుకునేటప్పుడు కాగితం మీద మొట్టమొదట రాయవలసింది చివరి ఊరి పేరు. ఆ ఊరు ఇంటికి రెండు మూడు గంటల దూరంలో ఉండాలి; శుభ్రమైన గది, మంచి భోజనం దొరికేంత పెద్దదై ఉండాలి; అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ చూడవలసినవి తక్కువగా ఉండాలి. ఈ మూడో షరతు విన్న ప్రతివారూ నవ్వుతారు గాని, అసలు కీలకమంతా అందులోనే ఉంది. పది చూడదగ్గ ప్రదేశాలున్న ఊరిలో దిగితే మిత్రుల్లో ఎవరో ఒకరు పొద్దున ఆరింటికే లేచి తక్కినవాళ్ల తలుపులు కొడతారు, విశ్రాంతి అన్న మాట అక్కడితో ముగుస్తుంది. హైదరాబాదును చివరి మజిలీగా పెట్టుకోవద్దని చెప్పడానికి కారణం ఇదే. పైగా హైదరాబాదులో ప్రతివారికీ ఒక చుట్టమో, ఒక పనో ఉంటుంది. సాయంత్రానికి నలుగురూ నాలుగు దిక్కులకు పోతారు.

మహబూబ్‌నగర్ ఈ మూడు షరతులకూ సరిపోతుంది. పాత పేరు పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది గాని, నేటికీ చుట్టుపక్కల పల్లెల వాళ్లు పాలమూరు పోతున్నామనే అంటారు. హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్లు. నల్లగొండ వైపు వెళ్లవలసిన వాళ్లకు రాయచూరు నుంచి మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడల మీదుగా కోదాడకు పోయే 167వ జాతీయ రహదారి ఊరి మధ్య నుంచే ఉంది. కాచిగూడ నుంచి కర్నూలు వైపు పోయే రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే వెళుతుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని చాలా అక్కరకు వస్తుంది. ఒకరికి సెలవు దొరకక ముందే వెళ్లిపోవలసి వస్తే, వారిని రైలు ఎక్కించి తక్కినవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. ఒకరి కోసం అందరూ బయలుదేరవలసిన అవసరం ఉండదు.

దారిని వెనుక నుంచి లెక్కించండి

చివరి ఊరు ఖాయమైన తరువాత, తేదీలను వెనక్కి లెక్కించుకుంటూ రండి. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి చేరాలనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకల్లా పాలమూరులో దిగాలి. అలా దిగాలంటే ఆ రోజు ప్రయాణం 100 కిలోమీటర్లకు మించకూడదు, దారిలో చూసేది ఒకటి రెండుకు మించకూడదు. అందువల్ల గురువారం రాత్రి నిద్ర గద్వాలలో చేయాలి. ఇలా వెనక్కి నడుస్తూ పోతే యాత్ర సోమవారం పొద్దున నల్లగొండలో మొదలవుతుంది.

మొదటి రోజు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంతో మొదలుపెట్టడం మాకు అలవాటు. గర్భగుడిలో పగలంతా ఒకేచోట నిలిచి ఉండే స్తంభం నీడను చూపి, అది ఏ స్తంభానిదో చెప్పమని కొత్తగా వచ్చిన మిత్రుణ్ని అడిగితే ఒక అరగంట సరదాగా గడిచిపోతుంది. అక్కడి నుంచి సాగర్ చేరితే ఆనకట్ట, 274 ఎకరాల్లో నిర్మించిన బుద్ధవనం సాయంత్రం లోపల తాపీగా చూడవచ్చు. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవన్న సంగతి గుర్తుంచుకొని, తమ రోజులను దాన్ని బట్టి సర్దుకోవాలి.

రెండో రోజు పొద్దున్నే ఏడు గుట్టల మధ్య ఉన్న దేవరకొండ కోట ఎక్కి, ఎండ ముదరక ముందే దిగి, డిండి మీదుగా శ్రీశైలం దారి పట్టండి. ఇక్కడ ఒక నియమం మీద కచ్చితంగా ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలరు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడితే తెల్లవార్లూ కారులోనే కూర్చోవాలి. వానాకాలంలో శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త వస్తే ఆ ఘాట్ రోడ్డు మీద వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి కాబట్టి, ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండింటికే మన్ననూరు దాటడం మంచిది. పెట్రోలు డిండిలోనే నింపుకోవాలి.

మూడో రోజు శ్రీశైలం నుంచి మళ్లీ అడవి దాటి, అచ్చంపేట మీదుగా కొల్లాపూర్ చేరి, సోమశిలలో కృష్ణ ఒడ్డున రాత్రి గడపండి. టూరిజం వాళ్ల కాటేజీలు ముందుగా బుక్ చేసుకోవాలి; కార్తీకమాసంలో అవి దొరకవు. నాలుగో రోజు జటప్రోలు, పెబ్బేరుల మీదుగా 44వ రహదారి ఎక్కి అలంపూర్ వెళ్లాలి. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరు బ్రహ్మదే అయినా తొమ్మిదింటిలోనూ ఉన్నది శివుడే. ఇక్కడొక మాట చెప్పాలి. ఈ దారిలో కనిపించే గుడుల్లో చాలా వాటిని శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, గట్టు మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. అలంపూర్‌లోని కూడలి సంగమేశ్వరుడు అలా వచ్చినవాడే. ఊళ్లు మాత్రం రాలేదు. కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల్లో ఏ టీకొట్టు దగ్గర పెద్దవాళ్లను కదిలించినా ఆ మునిగిన ఊరి పేరుతోనే మాట మొదలవుతుంది. అరగంట కూర్చొని వినండి, ఆ తరువాత గుడిని చూడండి. వరుస మారితే ఆ రాళ్లు మీకు పెద్దగా ఏమీ చెప్పవు.

ఐదో రోజు, అంటే పాలమూరు చేరే రోజు, గద్వాలలో చీరల పని ఒకటి ఉంటుంది. ఇంట్లో వాళ్లకు చీర తీసుకుపోకుండా గద్వాల దాటి వచ్చిన మగవాడు తరువాత ఏం చెప్పినా నిలవదు. గద్వాల చీరకు ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు పోగులను ఒంటి పోగులతో మగ్గం మీదనే ముడివేసే కుప్పడం పద్ధతి దీని ప్రత్యేకత. అంచును తిరగేసి లోపలి వైపు చూస్తే ఆ కలయిక గీత కనిపిస్తుంది. కొనేముందు అది చూపించమని అడగండి. అందరూ ఒకేసారి దుకాణంలోకి వెళితే ఒకరి నిర్ణయాన్ని ముగ్గురు మారుస్తారు కాబట్టి, ఇద్దరిద్దరుగా వెళ్లి, తక్కిన ఇద్దరూ ఆ సమయంలో కోటలోని చెన్నకేశవాలయం చూసి రావడం మేలు. పదకొండుకు బయలుదేరితే జూరాల దగ్గర మధ్యాహ్న భోజనం కుదురుతుంది. ఆనకట్ట దగ్గరి కొట్లలో కళ్ల ముందే వేయించి ఇచ్చే చేపల కోసం హైదరాబాదు నుంచి కూడా జనం వస్తారు. చేపను ఎంచుకొని, తూకం చూసి, కారం తక్కువ కావాలో ఎక్కువ కావాలో ముందే చెప్పండి, ఎందుకంటే చెప్పకపోతే అది పాలమూరు కారమే అవుతుంది. అక్కడి నుంచి ఆత్మకూరు, దేవరకద్రల మీదుగా మహబూబ్‌నగర్ చేరవచ్చు. వరదల సమయంలో ఆనకట్ట మీద రాకపోకలు ఆపితే గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి, బీచుపల్లి, కొత్తకోట, జడ్చర్లల మీదుగా రావలసి ఉంటుంది. దీపావళి తరువాతి రోజుల్లో కురుమూర్తి జాతర సాగుతున్నప్పుడు దేవరకద్ర దారిలో రద్దీ ఉంటుంది, ఒక గంట ఎక్కువ వేసుకోండి.

సెలవులు తక్కువగా ఉన్నవాళ్లు శ్రీశైలం గాని సోమశిల గాని ఒకటి వదిలేయవచ్చు. చివర పాలమూరులో గడిపే నిండు రోజును మాత్రం తగ్గించకండి. అది పోతే మిగిలేది మళ్లీ పాత పద్ధతి యాత్రే.

గది తీసుకునేటప్పుడు

ఈ విషయంలో మేము తిన్న దెబ్బ ఒకటి ఉంది. మొదటిసారి మాఘమాసంలో వచ్చాము. ఫోన్ చేస్తే రెండు గదులు ఉన్నాయని, వచ్చేయమని చెప్పారు. బయానా అడగలేదు, మేమూ పంపలేదు. తీరా సాయంత్రం సంచులతో దిగేసరికి మెట్ల మీద పూలబుట్టలు, వరండాలో మేళం వాళ్లు, కౌంటరు దగ్గర పెళ్లివారి పెద్దమనిషి. మా గదులు వారికి వెళ్లిపోయాయి. ఊళ్లో మరో మూడు చోట్ల అడిగినా అదే మాట, ఎందుకంటే ఆ వారంలో ముహూర్తాలన్నీ బలమైనవే. చివరికి అలిసిపోయిన నలుగురం రాత్రి ఎనిమిదింటికి మళ్లీ కారెక్కి హైదరాబాదు చేరాము. జడ్చర్ల దాటాక ఎవరు బండి నడపాలన్న దాని మీద మొదలైన మాటామాటా ఇద్దరి మధ్య పది రోజుల మౌనంగా మిగిలింది.

అందువల్ల తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం చూడండి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో పెళ్లి ముహూర్తాలున్న రోజులకు పక్క రోజును ఎంచుకోవడం, లేదా కొంత సొమ్ము ముందుగా పంపి రసీదును ఫోన్‌లో భద్రపరచుకోవడం తప్పనిసరి. గది తీసుకునేటప్పుడు మొదట అడగవలసింది అద్దె గురించి కాదు, ఖాళీ చేసే సమయం గురించి. కొన్ని హోటళ్లు దిగిన సమయం నుంచి 24 గంటలు లెక్కిస్తాయి, కొన్ని మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయమంటాయి. మూడింటికి దిగేవాళ్లకు మొదటి పద్ధతి లాభం. రెండో పద్ధతి అయితే చివరి రోజు మధ్యాహ్నం వరకు ఉండనిస్తారా అని ముందే మాట తీసుకోవాలి. ఆ తరువాత కారు నిలిపే చోటు ఆవరణ లోపలా, వీధిలోనా అన్నది అడగండి. వేడినీళ్లు రోజంతా వస్తాయా, పొద్దున రెండు గంటలేనా అన్నది కూడా అడగండి, ఎందుకంటే ఐదు రోజుల దుమ్ముతో దిగిన నలుగురికి సాయంత్రం నాలుగింటికే కావలసింది అదే.

బస్టాండు ఎదుట గదులు సులభంగా దొరుకుతాయి గాని తెల్లవారుజామున నాలుగింటి నుంచి హారన్లు మొదలవుతాయి. మెట్టుగడ్డ, న్యూటౌన్ వైపు కాస్త లోపలికి ఉన్నవి, అందులోనూ వీధి వైపు కిటికీ లేని వెనుక గదులు మేలు. జట్టులో ఆడవాళ్లు ఉన్నప్పుడు కుటుంబాలు దిగే హోటలునే చూసుకోండి. కింద బార్ ఉన్నచోట గది ఎంత బాగున్నా మెట్ల దగ్గర ఇబ్బంది తప్పదు. ప్రతి ఒక్కరి ఆధార్ కార్డూ అడుగుతారు. నలుగురికి ఒకే గదిలో అదనపు పరుపులు వేయించుకొని డబ్బు మిగుల్చుకోవాలన్న ఆలోచన తక్కిన రాత్రుల్లో సరే గాని ఈ రెండు రాత్రుల్లో వద్దు. అప్పటికి ఒకరి గురక మరొకరికి కంఠతా వచ్చి ఉంటుంది.

చేరిన సాయంత్రం

చేరిన సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. స్నానం చేసి, విప్పిన బట్టలన్నీ ఒకచోట చేర్చి ఉతికే మనిషికి ఇవ్వండి. అదే రోజు ఇస్తే మర్నాడు సాయంత్రానికి ఇస్త్రీతో సహా తిరిగి వస్తాయి. కారు తాళాలను ఒకరు తీసుకొని సంచి అడుగున పెట్టాలి. ఇది పిల్లల ఆటలా అనిపించినా, తాళాలు బల్ల మీద కనిపిస్తూ ఉన్నంతసేపూ ఎవరో ఒకరికి ఎక్కడికో వెళ్లాలని బుద్ధి పుడుతుంది. ఆరింటికి నడుచుకుంటూ క్లాక్ టవర్ వైపు వెళ్లి చాయ్ తాగి రావడం చాలు. రంజాన్ నెలలో వస్తే ఆ పక్కన హలీం వాసన మిమ్మల్ని ఆపుతుంది, ఆగండి.

నడుమ ఉన్న నిండు రోజు

ఆ రోజున చూడవలసింది ఒక్కటే, పిల్లలమర్రి. ఊరికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఏడు వందల ఏళ్ల వయసున్నదని చెప్పే మర్రిచెట్టు మూడు ఎకరాలకు పైగా పరచుకొని ఉంది. కారు తీయకుండా ఆటోలో వెళ్లండి. పేరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒకసారి మా మిత్రుడొకడు హైదరాబాదు నుంచి విడిగా వచ్చి పాలమూరులో కలుస్తానన్నాడు. ఫోన్‌లో పిల్లలమర్రి అని కొట్టి, అది చూపిన దారినే నమ్ముకొని బయలుదేరాడు. గంటన్నర తరువాత ఫోన్ చేసి, ‘అన్నా, పంతంగి టోల్ గేటు దాటిన, ఇంకెంత దూరముంటది?’ అన్నాడు. పంతంగి ఉన్నది చౌటుప్పల్ దగ్గర, విజయవాడ రోడ్డు మీద. అతను పోతున్నది సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గ్రామానికి. అది కాకతీయుల కాలపు గుడులున్న చక్కని ఊరే గాని, మేము ఉన్నచోటికి పూర్తిగా మరో దిక్కు. కాబట్టి ఫోన్‌లో వెతికేటప్పుడు మహబూబ్‌నగర్ అన్న పేరు కూడా చేర్చడం మరవకండి.

2017 డిసెంబరులో ఈ చెట్టు కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు లోపలి నుంచి తినేస్తున్నాయని గుర్తించి సందర్శకులను ఆపివేశారు. 2018లో అటవీశాఖ వాళ్లు ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు, మందు కలిపిన సీసాలను కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా చెట్టులోకి ఎక్కించారు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఇప్పుడు వెళ్లినవాళ్లు చూడవలసింది ముఖ్యంగా దీన్నే. చెట్టు మొత్తాన్ని ఒక్క చూపులో చూడాలని ప్రయత్నించి, ఫొటోలో పట్టక నిరాశపడటం కంటే, ఒక దిమ్మె దగ్గర ఆగి కొమ్మ దాని మీద ఎలా ఆనుకున్నదో, పక్కనే సన్నని ఊడ నేలను అందుకోవడానికి ఎంత దూరంలో ఉన్నదో గమనించండి. ఊడలను పట్టుకొని ఊగాలన్న చిన్ననాటి కోరికను అణచుకోండి, నడకదారి దాటకండి. ఆవరణలోని మ్యూజియంలో శిల్పాలు ఉన్నాయి. శ్రీశైలం ముంపు నుంచి తెచ్చి నిలబెట్టిన గుడి కూడా ఇక్కడ ఒకటి ఉంది, అలంపూర్‌లో విన్న కథకు అది కొనసాగింపులా ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు గది నుంచి బయలుదేరితే పదకొండుకల్లా తిరిగి రావచ్చు.

దైవభక్తి ఉన్న మిత్రులు మన్యంకొండ వెళ్తామంటారు. ‘తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి’ అని ఈ ప్రాంతం వాళ్లు చెప్పుకొనే వేంకటేశ్వరుడి కొండ అది, రాయచూరు దారిలో ఉంది. దేవరకద్ర మీదుగా వచ్చినట్టయితే ఐదో రోజే దారిలో చూసి రావడం సులభం. ఈ నిండు రోజున వెళ్లదలచినవాళ్లు వెళ్లనివ్వండి, అందరూ కలిసి పోనక్కర లేదు. ఐదు రోజులు ఒకే కారులో మోకాళ్లు తగులుతూ కూర్చున్నవాళ్లకు నాలుగు గంటల ఎడబాటు చాలా అవసరమని నా అనుభవం. ఒకరు పడుకుంటారు, ఒకరు మంగలి షాపుకు వెళ్లి గడ్డం గీయించుకొని తలకు నూనె మర్దన చేయించుకొని వస్తారు, ఇంకొకరు ఇంటికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడతారు. సాయంత్రం ఐదున్నరకు పెద్ద చెరువు కట్ట మీద కలుద్దామని ఒక మాట అనుకుంటే చాలు. జడ్చర్ల దారిలో అప్పన్నపల్లి దగ్గర రెండు వేల ఎకరాలకు పైగా అడవిని పార్కుగా మార్చారు. నడక ఇష్టమైనవాళ్లకు అది బాగుంటుంది. అయితే ఎండాకాలంలో పాలమూరు ఎండ మధ్యాహ్నం వేళ ఎవరినీ క్షమించదు, ఐదు దాటే వరకు అటు పోకండి. అసలు ఈ యాత్రకే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె తినకుండా పాలమూరు విడిచి రావడం నాకు సమ్మతం కాదు. పెద్ద హోటళ్లలో కంటే వీధి పక్కన ఒకరిద్దరు ఆడవాళ్లు పొయ్యి పెట్టుకొని నడిపే చోట్ల అది బాగుంటుంది. అలాంటి చోటును గుర్తుపట్టడానికి చెవులు చాలు: మరిగిన నీళ్లు పోసి పిసికిన పిండి ముద్దను పీట మీద వేసి, అరచేతితో తిప్పుతూ కొడుతుంటే వచ్చే చప్పుడు వీధి మలుపు వరకు వినిపిస్తుంది. రొట్టె చేతి కింద పలుచబడుతూ అంచుల దగ్గర పగలకుండా గుండ్రంగా సాగుతుంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన ఒకసారి రాస్తారు. తడి ఆరగానే తిప్పుతారు, అప్పుడది పొంగుతుంది. ముందే చేసి గుడ్డలో చుట్టి పెట్టినవి కాక, అప్పటికప్పుడు చేసినవే అడగండి, పది నిమిషాలు నిలబడవలసి వచ్చినా సరే. మాంసం తినేవాళ్లకు నాటుకోడి గాని బోటి గాని ఉంటుంది. తిననివాళ్లకు పుంటికూర పప్పు, పల్లీల కారం ఉంటాయి. మొదటి రొట్టె కూరతో తిని, రెండోది పల్లీల కారం, పచ్చి ఉల్లిగడ్డతో తినమని నా సలహా. నలుగురికి పది రొట్టెలు చెప్పండి. ఎనిమిది చాలనుకుంటారు, చాలవు.

లెక్కలు తేల్చుకొని బయలుదేరడం

ఖర్చుల కోసం మొదటి రోజే తలా ఇంత అని సమానంగా వేసి, ఆ డబ్బును ఒకరి దగ్గర ఉంచాలి. డబ్బు పట్టుకున్నవారు, బండి నడిపేవారు వేర్వేరు మనుషులై ఉండాలి, ఎందుకంటే పెట్రోలు బంకు దగ్గర, టోల్ దగ్గర ఇద్దరికీ పని ఉంటుంది. 44వ రహదారి మీద పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్ గేట్ల సొమ్ము కారు యజమాని ఫాస్టాగ్ నుంచి చప్పుడు లేకుండా పోతుంది. అందరూ మరిచిపోయేది ఈ లెక్కనే. ఫోన్‌లో వచ్చిన సందేశాలు చూసి ఆ మొత్తాన్ని ఉమ్మడి ఖర్చులో కలపండి. చీరలు, సొంత కొనుగోళ్లు వేరు. ఈ లెక్కంతా పాలమూరులో రెండో రాత్రి భోజనం తరువాత, గదిలో కూర్చొని, కాగితం మీద రాసి తేల్చుకోవాలి. కడుపు నిండి, మర్నాడు తొందర లేని సమయంలో రెండు వందల తేడా ఎవరికీ పెద్దగా అనిపించదు. అదే ఇంటి ముందు కారు ఆపి, ఇంజను నడుస్తుండగా మాట్లాడితే యాభై రూపాయలు కూడా మనసులో మిగిలిపోతాయి.

కారు కడిగించడం కూడా ఇక్కడే పూర్తిచేయాలి. సోమశిల ఇసుక సీట్ల కింద, కాలిపట్టాల మడతల్లో చేరి ఉంటుంది; పట్టాలను బయటికి తీసి దులిపించమని ప్రత్యేకంగా చెప్పకపోతే పైపైన నీళ్లు కొట్టి పంపిస్తారు. కడగడానికి ఇచ్చే ముందు డిక్కీ, సీట్ల సందులు, తలుపుల అరలు అన్నీ ఖాళీ చేయండి. ఎవరి చార్జరు ఎవరి దగ్గర ఉందో తేలేది అప్పుడే. మా జట్టులో ఒకరి కళ్లద్దాలు మూడు రోజుల తరువాత అలాగే దొరికాయి.

ఆదివారం సాయంత్రం మాత్రం బయలుదేరకండి. ఊళ్లకు వచ్చిన వాళ్లంతా ఆ సమయంలోనే హైదరాబాదుకు తిరిగి పోతారు, షాద్‌నగర్ నుంచి శంషాబాద్ వరకు దారి నిండిపోతుంది. టిఫిన్ తిని పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉంటారు. నల్లగొండ వెళ్లేవాళ్లు జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపు తిరిగితే చాలు, హైదరాబాదు ముఖమే చూడనక్కర లేదు. హైదరాబాదు వాళ్లు ఇదే చుట్టును ఎదురు దిక్కులో తిరిగి నల్లగొండలో ముగించుకోవచ్చు; పానగల్లు గుడులు, ఉదయసముద్రం కట్ట అప్పుడు చివరి రోజుకు మిగులుతాయి. భోజనం విషయంలో నా ఓటు మాత్రం పాలమూరుకే.

సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వస్తే జడ్చర్ల దాటాక బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు వరుసగా కనిపిస్తాయి. ఈ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం ప్రసిద్ధి. పండినవాటి జోలికి పోకండి, ఇంటికి చేరేలోపు చితికిపోతాయి. కాయ కళ్లు విచ్చుకొని, వాటి మధ్య గీతలు తెల్లబడ్డవి ఏరుకోండి. గంప పైన పేర్చినవి చూసి బేరం కుదుర్చుకోకుండా అడుగున ఉన్నవి కూడా తీయించి చూడండి. నాలుగు వాటాలుగా అక్కడే పంచుకొని, ఇంటికి వెళ్లాక బియ్యం డబ్బాలో గాని గడ్డిలో గాని పెడితే రెండు మూడు రోజుల్లో పండుతాయి.